117లో ఎవరున్నారు

12 జూలై 1994, మంగళవారం

మూడు నెలలుగా మా ల్యాబ్‌లోని బ్యాక్టీరియా జాబితాను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాను. ఒక్కో నంబరుకూ విదేశీ డేటాబేస్‌లో ఉన్న దాని జన్యువుల వివరాలు జత చేశాను. పోయిన వారమే ఆ జాబితా ఉన్న ఫ్లాపీలు వేరే ల్యాబ్‌లకు పోస్టులో వెళ్లిపోయాయి కూడా.

ఈరోజు 117 ట్యూబు తీసి చూశాను. జాబితాలో పసుపు రంగని ఉంది, ట్యూబులో ఉన్నది తెల్లగా ఉంది. ల్యాబ్ అసిస్టెంట్ అప్పలస్వామి గారిని అడిగితే తడుముకోకుండా చెప్పారు.

"పాతది సచ్చిపోనాది కదమ్మా. నంబరు ఖాళీగా ఎందుకని కొత్తదాన్ని ఎట్టినాను. మా ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లో ఒకలు రిటైరైతే ఇంకొకలు దిగుతారు. తలుపు మీద నంబరు మారుస్తారేటి?"

"ఇలా ఎన్ని మార్చారండీ?"

"గుర్తెట్టుకోనేదమ్మా. ఏటి, తప్పయిపోనాదా?"

లేదన్నాను. ఎందుకన్నానో! ఇరవై ఏళ్లుగా కరెంటు పోయినప్పుడల్లా ఐసు మోసుకొచ్చి ఈ ట్యూబులను కాపాడింది ఆయనే. నెలాఖరుకు రిటైరవుతున్నారు. ఇప్పుడు మా ల్యాబ్ హెడ్ సార్‌కి చెబితే అంతా ఆయన మీదకే వస్తుంది. చెప్పకపోతే, ఎక్కడో ఎవరో మా జాబితాను నమ్మి, చచ్చిపోయినదాని జన్యువులను బతికున్నదానికి అంటగడతారు. ఆ ముడి వేసింది మాత్రం నా చేతులే.

సాయంత్రం అప్పలస్వామి గారు గొడుగు తీసుకుని వెళ్తూ గుమ్మంలో ఆగారు. "నా తరవాత నా బల్ల కాడికి ఎవులొత్తారో గానీ, ఆళ్లకి ఇయ్యన్నీ నేనే సెప్పాలమ్మా."

ఆ పోస్టే తీసేశారని ఆయనకింకా ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.