బొగ్గులు చల్లారేదాకా

జూన్ 4
ఆడపిల్ల స్టీరింగ్ పట్టాలని ఏళ్ల తరబడి వ్యాసాలు రాశాను. సభల్లో బల్ల గుద్దాను. ఇప్పుడు నా కూతురు సిటీ బస్సు నడుపుతోంది. నాకేమో అన్నం దిగడం లేదు. సిగ్గుచేటు.

జూన్ 9, సాయంత్రం
డిపోకి మళ్లీ ఫోన్ చేశాను. బస్సు లోపలికొచ్చిందా అని అడిగాను, అంతే.
అమ్మాయి వస్తూనే బ్యాగ్ విసిరేసింది. నేనింకా ప్రొబేషన్‌లోనే ఉన్నానమ్మా, ఇంకోసారి ఇంటినుంచి ఫోనొస్తే బండి లాక్కుని టికెట్ల కౌంటర్లో కూర్చోబెడతానన్నాడు మేనేజరు, అంది. డిపోలో అందరూ పాపాయి బండి వచ్చిందోచ్ అని వెక్కిరిస్తున్నారట.
మగ డ్రైవర్లకి తల్లులు లేరా? వాళ్లు చేస్తే మమకారం, నేను చేస్తే నా కూతురి అసమర్థతా? దీనిమీద వ్యాసం రాసి కడిగేస్తానన్నాను. రాసుకో తల్లీ, ఫోన్ మాత్రం ముట్టుకోకు, అంది.

జూన్ 10
చింత మానడమెలా అని పేపర్లో సగం పేజీ. ఊపిరి పీల్చి వదలాలట! రోడ్డు మీద గుంతలెవరు పూడుస్తారు? బ్రేకులెవరు చూస్తారు? జనం భయపడటం మానేస్తే హాయిగా నిద్రపోయేదెవరో నాకు తెలీదా? పేపరు చించేశాను.
తర్వాత ఊపిరి పీల్చి చూశాను. దగ్గొచ్చింది.

జూన్ 13
పొద్దుటినుంచీ అమ్మే గుర్తొస్తోంది. వెనక వరండాలో ఊరివాళ్ల బట్టలు ఇస్త్రీ చేసేది. బొగ్గుల పెట్టె. అది వేడిగా ఉన్నంతసేపూ బెంగలన్నీ పైకే అనేది. కాలరు దగ్గర నాన్న ఇంకా ఫ్యాక్టరీ నుంచి రాలేదని. చేతుల దగ్గర చెల్లి జ్వరం. వెనక్కి తిప్పాక నేను, ఇదెవరితో తగువు పెట్టుకుంటుందో అని. తడిగుడ్డ మీద పెట్టె ఆనగానే చుయ్‌మనే ఆవిరి, ఆ వాసన ఇంకా నా ముక్కులోనే ఉంది.
బొగ్గులు బూడిదయ్యాక పెట్టె దులిపేసేది. ఇవాళ్టికి అయిపోయింది, అన్నానికి రండే, అనేది. ఇక ఆ ఊసే ఉండేది కాదు.
కాలేజీలో చేరి సభలకి తిరుగుతున్న కొత్తలో, ఇలా గొణిగితే లోకం మారదని అమ్మతో వాదించాను. నీ సభల్లోనూ ఇదేగదే, కాకపోతే బట్టలు నలిగే ఉంటాయి, అంది.

జూన్ 17, సాయంత్రం
జోరువాన. అమ్మాయికి మొదటిసారి సెకండ్ షిఫ్ట్. ఫోన్ బీరువాలో పెట్టి తాళం వేశాను. ఇస్త్రీ పెట్టె తీశాను. షర్టులు, దిండు గలీబులు, తువ్వాళ్లు. బ్రేకులు, గుంతలు, మేనేజరు, అన్నీ పైకే అన్నాను.
ఈ కరెంటు పెట్టెతో చిక్కేమిటంటే, బొగ్గులు అయిపోవు.

అదే రోజు, ఇంకాసేపటికి
కర్టెన్లు కూడా అయ్యాయి. నేనే స్విచ్ కట్టేశాను.
వాన తగ్గలేదు. అమ్మాయి ఇంకా రాలేదు.
ఆకలేస్తోంది.