కాతెరీనమ్మ ఇచ్చిన అంజీరపండు

ఆగస్టు 14, ఓడ మీద నుంచి

ప్రియమైన అయ్యకు,

గంగ దండాలు. ఫోన్ సిగ్నల్ మన కొండెక్కదు కాబట్టి ఉత్తరమే గతి. రెండేళ్లుగా ఈ ఓడలో కాఫీ కలుపుతున్న నాకు మొన్న మంచి పని దొరికింది. ఓడ దీవుల దగ్గర ఆగినప్పుడు ప్రయాణికులను బస్సులో ఊళ్లు చూపించడానికి తీసుకెళ్తారు. వాళ్లకు తోడు వెళ్లే పని. మొదటి రోజే అది పోయింది. ఎలా పోయిందో వింటే నువ్వు నన్ను మెచ్చుకుంటావు.

అది గ్రీసు దేశంలో ఒక దీవి. రాళ్ల గట్లు, మేకలు, మనకున్నట్టే మెట్ల పొలాలు. కాతెరీనా అనే డెబ్బై ఏళ్ల రైతు ఇంటి ముందు బస్సు ఆగింది. ఆ ఏడాది తొలిసారి పండిన అంజీరపండ్లు కోసి అందరి చేతుల్లో పెట్టింది. అందరూ తిన్నారు. నేను తినలేకపోయాను. కొత్త పండగ చేసి పెద్దలకు పెట్టకుండా మనింట్లో కొత్త పంట ఎవరు ముట్టారు? పండును ఆకులో చుట్టి గట్టు మీద పెట్టేశాను. ఆవిడ ముఖం మాడిపోయింది. మా మేనేజరు సుజానా మేడమ్‌ది విశాఖపట్నమే, వాళ్ల గ్రీకు భాషా వచ్చు.

"తినెయ్ గంగా, అసహ్యపడ్డావనుకుంటోంది" అంది.

"ఇంకా కొత్త అవలేదు మేడమ్" అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. సాయంత్రానికి మళ్లీ కాఫీ కౌంటర్లో ఉన్నాను.

ఏడ్చాను, దాచను. ఆ పని కోసం ఏడాదిపాటు ఇంగ్లీషు నేర్చుకున్నాను. అయినా తప్పు చేశాననుకోవడం లేదు. ఎక్కడున్నా నేను యర్రయ్య కూతురినే.

నీ గంగ

సెప్టెంబరు 9, మన ఊరు

గంగమ్మకు,

నీ ఉత్తరం విని ఊళ్లో అందరూ మురిసిపోయారు. నేను మురిసిపోలేదు. నువ్వు చేసింది తప్పే గుంటా. కొత్త అనేది మన నేలకు, మన పంటకు. ఆ చెట్టు ఆవిడ పెద్దలది. వాళ్లకు ఏటి పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో ఆవిడకు తెలుసు. ఇంటికొచ్చినవాళ్లు చేతిలో పెట్టింది తినకపోతే ఆ ఇంటినే కాదన్నట్టు. మొన్న మన కాఫీతోట చూడడానికి బస్సులో వచ్చిన ఒకామె, మీ అమ్మ ఇచ్చిన అంబలి మూతి తిప్పి పక్కన పెట్టేసింది. మీ అమ్మ ఆ పూట అన్నం తినలేదు. పరాయి ఇంట్లో పెట్టింది తినాలన్న సంగతి నీకు ముందే చెప్పాల్సింది, అది నా తప్పు. బేగి వెళ్లి ఆ తల్లి చేత్తో పెట్టింది తిను. నీ దగ్గరున్న మన కాఫీపొడి కాస్త పట్టుకెళ్లు.

మీ అయ్య

అక్టోబరు 3, ఓడ మీద నుంచి

కోపిష్టి అయ్యకు,

ఓడ మళ్లీ అక్కడ ఆగింది. సెలవు పెట్టి ఊరి బస్సెక్కాను. దారి పొడవునా నిన్ను తిట్టుకున్నాను, ఎందుకంటే నువ్వు చెప్పింది నిజం.

కాతెరీనమ్మ నన్ను గుర్తుపట్టింది కానీ నవ్వలేదు. సుజానా మేడమ్‌ను బతిమాలి వాళ్ల భాషలో రాయించుకున్న కాగితం ఇచ్చాను. మా ఇంట్లో కొత్త పంట ముందు చనిపోయిన పెద్దలకు పెడతామని, నన్ను క్షమించమని అందులో ఉంది. రెండుసార్లు చదివింది. చెట్టు మీద పండ్లు అయిపోయాయి. లోపలికెళ్లి ఎండబెట్టినవి తెచ్చింది. నిలబడే నాలుగు తిన్నాను. అప్పుడు కుర్చీ లాగింది.

ఓడకు తిరిగొచ్చాక, ఆ బస్సు పని నాకే తిరిగి ఇమ్మని మేడమ్‌ని అడిగాను. ఆలోచిస్తానంది. ఇస్తుంది, చూడు.

అన్నట్టు, ఆ రోజు మన కాఫీపొడి ఇస్తే కాతెరీనమ్మే కాచింది. నాకు పోస్తుందనుకుని చెయ్యి చాపాను. ఆవిడ ఆగమని సైగ చేసి, మొదటి కప్పు తీసుకెళ్లి గోడ మీదున్న భర్త ఫొటో కింద పెట్టింది. ఆ తర్వాతే మా ఇద్దరికీ పోసింది. ఒక్క చుక్క కూడా వదలకుండా తాగాను అయ్యా.

నీ గుంట,
గంగ