రెండువందల పన్నెండో నంబరు

చిరంజీవి చిట్టికి,

నువ్వూ మీ ఆవిడా క్షేమమని తలుస్తాను. కౌన్సిలర్‌వి అయినప్పటి నుంచి నీకు ఫోను చేస్తే ఇంకెవరో ఎత్తి, సార్ మీటింగులో ఉన్నారంటున్నారు. అందుకే ఈ ఉత్తరం.

మా వీధి దీపం పోయి నాలుగు నెలలయింది. మీ ఆఫీసులో ఫిర్యాదు ఇస్తే రసీదు మీద 212 అని కొట్టి ఇచ్చారు. నా వంతు ఎప్పుడొస్తుందో కనుక్కుని ఒక్క ముక్క రాయి. అంతకుమించి వేలు పెట్టకు. ముప్ఫై నాలుగేళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పి, ఇప్పుడు చెల్లెలి కొడుకు పలుకుబడితో లైటు వేయించుకుందన్న మాట పడలేను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ

తా.క. గెలిచిన రోజు పేపర్లో నీ ఫొటో చూశాను. దండల్లో నువ్వెక్కడా కనపడలేదు. కింద పేరు వేశారు కాబట్టి నమ్మాను.

* * *

పెద్దమ్మకు నమస్కారాలు.

నీ ఉత్తరం అందిన గంటలో లైన్‌మన్‌ను పంపాను. ఒకటి అడిగితే రెండు లైట్లు వేయించాను. వేలు పెట్టొద్దన్నావు కాబట్టి నేను అటు రాలేదు, ఫోన్లో చెప్పానంతే. నువ్వు మొహమాటపడి వంతూ గింతూ అని రాస్తే నాకర్థం కాదా?

నీ చిట్టి

తా.క. ఈ ఉద్యోగంలో ఎవరూ కావలసింది నేరుగా అడగరు. వద్దు వద్దంటున్నారంటే కావాలనే.

* * *

చిట్టీ,

ఆశీర్వదించే ఓపిక లేదు. నాకు తలకొట్టేసినట్టయింది. నా ముందున్న రెండువందల పదకొండు మంది సంగతేమిటి? నిన్న మొన్నటిదాకా నేను టీచరమ్మని. ఇప్పుడు కౌన్సిలర్‌గారి పెద్దమ్మనట. పక్కింటి దర్జీ నన్ను చూసి స్టూలు మీంచి లేచి నిలబడుతున్నాడు. కొళాయి దగ్గర ఆడవాళ్ళు నన్ను ముందుకు తోసి బిందె పట్టుకోమంటున్నారు. పొద్దున తలుపు తీస్తే గడపలో మూడు అర్జీలు.

వంతు రాకుండా వచ్చిన వెలుగు నాకక్కర్లేదు.

పెద్దమ్మ

తా.క. ఆ అర్జీలు ఇందులో పెట్టి పంపడం లేదు. ఒకదాంట్లో అక్షరదోషాలుంటే దిద్ది తిరిగిచ్చాను.

* * *

పెద్దమ్మకు నమస్కారాలు.

నువ్వు అక్కర్లేదన్నావు కాబట్టి లైట్లు తీయించేశాను. ఈసారి నీ మాట అక్షరాలా పాటించాను. లైన్‌మన్ మాత్రం కొంచెం ఎక్కువ పాటించి స్తంభం కూడా పీక్కుపోయాడు. అది నేను చెప్పలేదు.

ఇప్పుడు ఎదుటిపక్షం వాళ్ళు కరపత్రం వేశారు. ఏడో తరగతి లెక్కల్లో నువ్వు ఒక్క మార్కు కలపనందుకు నేను వీధి మొత్తాన్ని చీకట్లో ముంచి పగ తీర్చుకున్నానట. నువ్వు ఖండిస్తూ నాలుగు ముక్కలు రాసిస్తే బాగుంటుంది.

నీ చిట్టి

తా.క. ఆ మార్కు సంగతి వాళ్ళకెవరు చెప్పారు?

* * *

చిట్టీ,

మార్కు సంగతి నేనే చెప్పాను. ఎవరో ఒకాయన వచ్చి, టీచర్లలో నిజాయితీ అన్న విషయం మీద రాసుకుంటున్నానంటే ఉదాహరణ ఇచ్చాను.

స్తంభం పీకిన గోతిలో నిన్న సాయంత్రం దర్జీ పడ్డాడు. చీలమండ బెణికింది. మిషను తొక్కలేడు. చూడడానికి వెళితే వాళ్ళావిడ తలుపు సగమే తీసింది. "మీ నీతి మీ ఇంట్లో ఉంచుకోవచ్చు కదా టీచర్‌గారూ, మా వీధిలో ఎందుకు?" అంది. కోపంగా అనలేదు, అలసిపోయినట్టు అంది.

గొయ్యి పూడ్పించు. దీనికి వంతు అక్కర్లేదు. ఆ తర్వాత ఆఫీసుకు వెళ్ళి ఆ ఫిర్యాదుల రిజిస్టరు చూసి రా. నా ముందు ఎవరెవరున్నారో చెబితే వీధిలో వాళ్ళకు చదివి వినిపిస్తాను.

పెద్దమ్మ

తా.క. కొళాయి దగ్గర ఇప్పుడు నన్ను ముందుకు తోయడం లేదు. పక్కకు తోస్తున్నారు.

* * *

పెద్దమ్మకు నమస్కారాలు.

గొయ్యి పూడ్చారు. స్తంభం కూడా తిరిగి పాతారు, లైటు మాత్రం వేయలేదు.

రిజిస్టరు కోసం వెళ్ళాను. రిజిస్టరు లేదు. నంబర్లు కొట్టే స్టాంపు మూడేళ్ళ కిందట 212 దగ్గర బిగుసుకుపోయిందట. అప్పటినుంచి వచ్చిన ప్రతివాళ్ళకూ అదే నంబరు. ఎవరూ అడగలేదా అంటే, "అందరూ తమ ముందు రెండువందల మందున్నారనుకుని ఓపికగా వెళ్ళిపోతారండీ" అన్నాడు గుమాస్తా. మరి లైట్లు ఎలా వేస్తున్నారంటే, "మీలాంటివారు ఎవరో ఒకరు చెబుతారు కదండీ" అన్నాడు.

అంత గౌరవంగా నన్నెవరూ తిట్టలేదు. ఎనిమిది నెలలుగా ఆ కుర్చీలో కూర్చుంటున్నాను, ఒక్కసారి కూడా ఆ ఫిర్యాదుల గదిలోకి తొంగిచూడలేదు. రిజిస్టర్లు రాయడం నీకు అలవాటే. వచ్చి ఒకటి మొదలుపెట్టి ఇస్తావా?

చిట్టి

తా.క. ఇది మొహమాటం కాదు. నేరుగానే అడుగుతున్నాను.

* * *

చిరంజీవి చిట్టికి,

వారం నుంచి మీ ఆఫీసులోనే కూర్చుంటున్నాను. నువ్వు ఊళ్ళో లేవన్నారు కాబట్టి రాస్తున్నాను.

మొదటి రోజు నలభై మందిని వచ్చిన వరుసలో రాశాను. మనసు నిండిపోయింది. రెండో రోజు ఆసుపత్రి ఆయా ఒకావిడ వచ్చింది. డ్యూటీ దిగి చీకట్లో ఇంటికెళ్ళాలంటే భయంగా ఉందంది. ఆవిడ పేరు పైన రాశాను. తర్వాత గడియారాలు బాగుచేసే ఆయన. వాళ్ళ నాన్నకు చూపు సరిగా ఆనదు. ఆయన్నీ పైన రాశాను. మూడో ఆమె నా దగ్గర చదువుకుంది. కారణమేమీ చెప్పలేదు, చేతిలో పసిబిడ్డతో నిలబడి "టీచర్‌గారూ" అందంతే. రాశాను. సాయంత్రానికి మొదటి స్థానంలో పదకొండు మందున్నారు.

వాళ్ళెవరూ అబద్ధం చెప్పలేదురా. నాకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఎదురుగా నిలబడి అడిగిన మనిషి మొహం కనపడింది. రాలేక ఇంట్లో ఉండిపోయిన వాళ్ళ మొహాలు కనపడలేదు. నీ గదిలో రోజూ జరిగేది ఇదేనా? ఇన్నాళ్ళూ నిన్ను తిట్టినప్పుడు నాకు ఇంత తెలియదు. తెలిసినా తిట్టేదాన్నే. కొంచెం తగ్గించి.

పేజీ చింపి మళ్ళీ వరుసలో రాశాను. ఆయా నావంక చూసి వెళ్ళిపోయింది. ఆ చూపు ఇంకా నాతోనే ఉంది. నా పక్కన ఈ ఊళ్ళో ఎవరినీ ఎరగని మనిషిని ఒకరిని కూర్చోబెట్టు. నన్ను కూడా ఎరగనివాళ్ళయితే మరీ మంచిది.

ఆశీస్సులతో,
పెద్దమ్మ

తా.క. ఒక్క పెద్దమనిషి మాత్రం తొందరేం లేదు, వరుసలోనే రాయమన్నాడు. అందరి ముందూ మెచ్చుకున్నాను. తీరా చూస్తే వాళ్ళ వీధిలో లైటు వెలుగుతూనే ఉందట. ఇక్కడ ఫ్యాను బాగా తిరుగుతుందని వచ్చి కూర్చున్నాడు. అయినా ఆయన పేరు కొట్టెయ్యలేదు. ఆయన వంతు వచ్చేలోపు ఆ లైటూ ఆరిపోతుందిలే.