నరహరి రాసిన ప్రోగ్రాం

కరీంనగర్,
జూలై 1999

ప్రియమైన సరళకు,

నేను క్షేమం. అక్కడ నీ తమ్ముడు విద్యాసాగర్‌రావు, మరదలు మనోరమ, పిల్లలు కులాసాగా ఉన్నారనుకుంటాను. ఆదిలాబాద్‌లో వానలు బాగా పడుతున్నాయని పేపర్లో చూశాను. ఇక్కడ ఇంకా మబ్బులే. రైతులు మోటార్లు బాగు చేయించుకోవడానికి తెస్తున్నారు. దుకాణంలో తీరిక ఉండడం లేదు.

ఒక సంగతి నీతో చెప్పకుండా చేయలేను. మోటార్ల కంపెనీ మనిషి వచ్చాడు. డీలర్లందరూ దీపావళిలోగా కంపెనీ ఇచ్చే కొత్త ప్రోగ్రాంలోకి మారాలట. మన నరహరి రాసిన ప్రోగ్రాంలో సంవత్సరానికి చివరి రెండంకెలే ఉన్నాయి. రెండువేల సంవత్సరం వస్తే అది పంతొమ్మిది వందలనుకుంటుందట. ఎవరి మోటారుకు గ్యారంటీ ఉందో, ఎవరికి సర్వీసు చేయాలో అంతా తారుమారవుతుందట. కొత్తది మన కంప్యూటర్‌లో పట్టదు. దాన్ని తీసుకుని వేరేది ఇస్తారు.

దానికంటే ముందు మన దగ్గర మోటార్లు కొన్న గిరాకీల వివరాలన్నీ మనమే సరిచేసి పెట్టాలి. ఒకే మనిషి పేరు రెండుచోట్ల ఉంది. పొలం అమ్ముకున్నవాళ్లున్నారు, దుబాయి పోయినవాళ్లున్నారు. ఆ పేర్లన్నీ నువ్వూ నరహరీ పక్కపక్కన కూర్చుని ఎక్కించినవే కదా. నువ్వు వస్తే పని తేలికవుతుంది. బలవంతం లేదు. కొడుకు పోయిన నెల రోజులకు పుట్టింటికి వెళ్లినదానివి, రెండేళ్లు కావస్తోంది. నీకెప్పుడు రావాలనిపిస్తే అప్పుడే రా.

నీ,
బాపురావు


ఆదిలాబాద్,
ఆగస్టు 1999

నరహరి బాపుకు నమస్కారం.

మీ ఉత్తరం చదివాక నాకు ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు. "ఏమైంది వదినా, గట్ల కూసున్నవ్? అన్నం గూడ ముట్టకపోతివి" అని మనోరమ అడిగింది. ఏం చెప్పను?

వాడి బట్టలు పంచిపెట్టారు, ఊరుకున్నాను. స్కూటర్ అమ్మారు, ఊరుకున్నాను. వాడు తన చేత్తో చేసింది ఇక ఇదొక్కటే మిగిలింది. కంప్యూటర్ కోర్సు చదివి ఎక్కడా ఉద్యోగానికి పోకుండా, మన దుకాణం కోసం రాత్రనక పగలనక రాసుకున్నాడు. "అవ్వా, నువ్వు ఊరి పేరు చెప్పు, నేను కొడత" అనేవాడు. నేను తప్పు చెబితే నవ్వేవాడు. కామెర్లతో కళ్లు పచ్చబడిన రోజు కూడా ఆ కుర్చీలోంచి లేవనన్నాడు.

మీకది గ్యారంటీ తారీఖులు చూపించే డబ్బా. నాకు కాదు. మార్చబోమని కంపెనీకి రాయండి. డీలర్‌షిప్ పోతే పోనీయండి.

నేను రాను.

సరళ


కరీంనగర్,
సెప్టెంబరు 1999

ప్రియమైన సరళకు,

ఉత్తరం చివర నువ్వెప్పుడూ 'మీ సరళ' అని రాస్తావు. ఈసారి 'మీ' లేదు. చూశాను.

గడువు కావాలని కంపెనీకి రాశాను. కుదరదన్నారు. డీలర్‌షిప్ పోతే నేను బతకలేనని కాదు. మెకానిక్ హనుమండ్లు మనల్నే నమ్ముకున్నాడు, ఈ వయసులో వాడు ఇంకెక్కడికి పోతాడు? అందుకే వాడిని వెంటబెట్టుకుని ఊళ్లు తిరిగి వివరాలు సరిచేస్తున్నాను.

మొన్న మెట్‌పల్లి దగ్గర ఒక ఊళ్లో లచ్చయ్య ఇంటికి పోయాం. మన దగ్గర మోటారు కొన్న రైతు. ఆయన భార్య కొమురవ్వ బయటికి వచ్చింది. "లచ్చయ్య ఉన్నడా?" అని అడిగాను.

"ఏడున్నడు దొరా? పోయిన ఎండకాలమే పాయె."

హనుమండ్లు కాగితం మీద పేరు కొట్టేశాడు. ఆమె అది చూసి, "జర మెల్లగ కొట్టెయ్యరాదే అన్నా, గట్ల గీకితివి" అంది. వాడి చెయ్యి ఆగిపోయింది. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని తనే అంది: "ఇగ నా పేరు రాయి. ఎవుసం నేనే జేస్తున్న. మోటరు ఖరాబైతె నేనే అస్త."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో హనుమండ్లు ఆ కాగితం మీద కొమురవ్వ పేరు రాశాడు.

సరళా, నువ్వెప్పుడూ మధ్యాహ్నం వంట పని అయ్యాక దుకాణానికి వచ్చేదానివి, అందుకని నీకు తెలియదు. పొద్దున కంప్యూటర్ ఆన్ చేయగానే నల్లటి తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో మన మాటలే వస్తాయి. "నమస్తే బాపూ, చాయ్ తాగినవా?" అని. నన్ను నవ్వించడానికి పెట్టాడు. మీట నొక్కితే గాని అది ముందుకు పోదు. వాడు పోయినా రోజూ పొద్దున అట్లాగే అడుగుతున్నాడు. నేను రోజూ మీట నొక్కి వాడిని పక్కకు జరిపి, నా పని చూసుకుంటున్నాను. కంపెనీ మనిషి ఇది తీసేయాలన్నప్పుడు నాకు లోపలెక్కడో బరువు దిగినట్టయింది. కొడుకు గురించి తండ్రి అనదగిన మాట కాదు. నీతో తప్ప ఎవరితో అనను?

నీ,
బాపురావు


ఆదిలాబాద్,
అక్టోబరు 1999

నరహరి బాపుకు,

నేనక్కడ లేకపోబట్టి వాడు ఇంకా దుకాణంలో కూర్చుని ఉన్నాడని అనుకోగలిగాను. మీకు ఆ వీలు కూడా లేకపోయింది.

మార్చే రోజుకు వస్తాను. ఆ రోజు మీరు దుకాణంలో ఉండకండి. చొప్పదండిలో మీ స్నేహితుడు లింగమూర్తి ఇంటికి పోయి ఉండండి. ఇన్నాళ్లూ ఆ మీట మీరొక్కరే నొక్కారు. ఆఖరుసారి నేను నొక్కుతాను.

మీ సరళ


కరీంనగర్, దుకాణం నుంచి,
నవంబరు 1999

నరహరి బాపుకు,

ఈ ఉత్తరం తెచ్చిస్తున్న నాగయ్య చొప్పదండి రైతే. కూర్చోబెట్టి చాయ్ ఇప్పించండి.

పొద్దున బస్సు దిగి నేరుగా ఇక్కడికే వచ్చాను. హనుమండ్లు షటర్ ఎత్తాడు. కంపెనీ ఇంజనీరు ఇంకా రాలేదు. కంప్యూటర్ నేనే ఆన్ చేశాను. వాడు మిమ్మల్ని అడిగాడు. నా పేరెక్కడైనా ఉందేమోనని చూశాను. లేదు. చచ్చిపోయిన కొడుకు మీద అలిగాను చూడండి! తర్వాత "తాగిండు బిడ్డా, మీ బాపు తాగిండు" అని మీట నొక్కాను.

ఇంజనీరు వచ్చి పేర్లన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించాడు. మీరు సరిచేసి పెట్టినందుకు ఎక్కడా చిక్కు రాలేదు. పాత కంప్యూటర్‌ను మోసుకుపోతుంటే నేను గుమ్మం దాకా వెళ్లి నిలబడ్డాను.

మధ్యాహ్నం నాగయ్య మోటారు తెచ్చాడు. భీవండిలో మగ్గాల పనికి పోయి ఈ మధ్యే ఊరికి వచ్చాడట. "కొత్త మిషిన్ పెట్టిండ్రా అమ్మా? చిన్నదొర ఏడి, కనవడ్తలేడు?" అన్నాడు.

ఆదిలాబాద్‌లో అందరికీ తెలుసు కాబట్టి నన్నెవరూ ఇట్లా అడగలేదు. నేను ఎవరికీ చెప్పవలసి రాలేదు. నా గొంతు నాకే వేరేవాళ్లది లాగా వినిపించింది.

"లేడు నాగయ్యా. నా కొడుకు సచ్చిపోయిండు."

ఆయన తలగుడ్డ తీసి మెట్టు మీద కూలబడ్డాడు. "గంత మంచి పిలగాడు తల్లీ! నా మోటరు ఆ పిలగాడే దగ్గరుండి బండ్ల ఎక్కిచ్చిండు" అని పసివాడిలా ఏడ్చాడు. నేను ఆయన పక్కనే కూర్చుని ఏడ్చాను. వాడిని తీసుకుపోయిన రోజు కూడా నేనట్లా ఏడవలేదని మీకు తెలుసు. హనుమండ్లు మంచినీళ్లు తెచ్చి మా ముందు పెట్టి వెళ్లిపోయాడు.

చాలాసేపటికి ఆయన మొహం తుడుచుకుని, మొహమాటంగా, "అమ్మా, ఏమనుకోకు, మక్కచేను ఎండుతుంది. మోటరు రేపటికల్ల అయితదా?" అన్నాడు. అవుతుందన్నాను. ఊరి పేరు చెప్పేవాళ్లు పక్కన లేరు, నేనే చెప్పుకుంటూ ఆయన ఫిర్యాదు కొత్తదాంట్లో ఎక్కించాను. మెల్లగా, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ.

నేనిక ఆదిలాబాద్ పోవడం లేదు. ఇంటి తాళంచెవి మీ దగ్గరే ఉంది. పొద్దుగూకేలోగా వచ్చేయండి.

మీ
సరళ