లీస్‌బెత్ పొగిడిన గుర్రం

బిష్కెక్, సోమవారం

తుర్దుకుల్ పెదనాన్నగారికి, మీ ఇంటి రొట్టె రుచి ఇంకా నాలుక మీదే ఉన్న లీస్‌బెత్ నమస్కారాలు.

క్షేమంగా ఇల్లు చేరాం. హాలండ్ నుంచి వచ్చి మీ దేశంలో కాపురం పెట్టిన దగ్గర్నుంచి, శనివారం వస్తే చాలు, కారేసుకుని ఎక్కడికో ఒకచోటికి బయల్దేరుతూనే ఉన్నాం. మా ఆయన యోస్ట్ కాలవల ఇంజనీరు గదా, ఆయనకు నీళ్ళు కనబడాలి. నాకు కొండలు కావాలి. మా అమ్మాయి ఫెమ్కేకు ఏదో ఒక జంతువు కావాలి. మూడూ ఒక్కచోట దొరికింది మీ కెమిన్ లోయలోనే. దారి తప్పి వచ్చినవాళ్ళను గుడారంలోకి పిలిచి రెండు రోజులు ఉంచుకున్నారు చూడండి, మీలాంటివాళ్ళను నేనెక్కడా చూడలేదు.

ఒకరింట్లో ఉండి వచ్చాక "బాగుంది" అని ఊరుకోకూడదనీ, ఏదేది బాగుందో విడివిడిగా రాయాలనీ మా అమ్మ నేర్పింది. అందుకని రాస్తున్నా. బూరుల్ పెద్దమ్మ కుట్టిన ఆ ఎర్ర ఉన్ని తివాచీ ఉందే, అబ్బ! దాని మీంచి లేవబుద్ధి కాలేదంటే నమ్మండి.

ఇట్లు,
లీస్‌బెత్

తా.క.: మీ నల్ల గొర్రెపిల్ల అంత ముద్దొచ్చేది లోకంలోనే లేదట. ఫెమ్కే సూపు ముట్టకుండా దాని బొమ్మలు గీస్తోంది.


కొండ మీద, గురువారం

చిరంజీవి లీస్‌బెత్‌కు తుర్దుకుల్ దీవెనలు. ఇక్కడ నేనూ, మీ పెద్దమ్మా, గొర్రెలూ, నా మోకాలి నొప్పీ అందరం కులాసా.

వ్యాన్ నడిపే నుర్‌దోలోత్ నీ ఉత్తరం తెచ్చిచ్చాడు. పైకి చదివి వినిపించాను. తివాచీ మాట రాగానే బూరుల్ లేచి, "ఇంకా కూర్చున్నావేం? అటు కొస పట్టుకో, చుడదాం" అంది. చుట్టేశాం. వ్యాన్‌లో పంపుతున్నా, దించుకో. గొర్రెపిల్ల కూడా అందులోనే ఉంది. మా తాతయ్య ఇలాగే ఒంటి మీది కోటు విప్పి ఓ చుట్టానికిచ్చేసి, మంచులో ఇంటికి నడిచొచ్చాడు. దగ్గుతూ వచ్చాడు గానీ తలెత్తుకుని వచ్చాడు.

మీ పెదనాన్న,
తుర్దుకుల్

తా.క.: నుర్‌దోలోత్ టోపీ కనబడటం లేదని వెతుక్కుంటుంటే, అది గొర్రెపిల్ల పొట్టలో ఉందని వాడికి చెప్పకు.


బిష్కెక్, ఆదివారం

పెదనాన్నగారికి లీస్‌బెత్ సిగ్గుతో చచ్చిపోతూ రాస్తున్నది.

అయ్యో, ఎంత పని చేశారు! మా ఇంట్లో కింద పరుచుకోవడానికి ఏమీ లేదనుకున్నారా ఏమిటి? "ఉత్తరం చదివి మనల్ని బీదవాళ్ళం అనుకున్నట్టున్నారు, వెంటనే రాయి" అని యోస్ట్ నా మీద కేకలేశాడు. కాబట్టి విన్నవించుకుంటున్నా, మాకు ఏ లోటూ లేదు. నీళ్ళు కాచుకోవడానికి కరెంటు కెటిల్ ఉంది. మీ ఇత్తడి సమోవార్‌లో టీ ముందు ఇందులో టీ కుడితిలా ఉంటుందనుకోండి, అది వేరే సంగతి. తిరగడానికి కారుంది. మీ కాష్కా మీద ఒక్కసారి ఎక్కాక కారెక్కడం కుర్చీలో కూర్చున్నట్టుందంటాడు యోస్ట్. అలాంటి గుర్రం పుట్టి బుద్ధెరిగి చూడలేదట. అయినా కారైతే ఉంది గదా!

వట్టి చేతులతో వ్యాన్ వెనక్కి పంపలేక మా ఊరి చీజ్ ఒకటి పంపుతున్నా. కాదనకండి.

ఇట్లు,
లీస్‌బెత్

తా.క.: గొర్రెపిల్ల బాల్కనీలో హాయిగా ఉంది. కింది ఇంటావిడ ఉతికి ఆరేసిన దుప్పటే హాయిగా లేదు.


కొండ మీద, శుక్రవారం

చిరంజీవి లీస్‌బెత్‌కు దీవెనలు.

సమోవార్ పంపుతున్నా. కుండలో టీ కాచుకుంటున్నాం, పొగ వాసన వేస్తోంది గానీ వేడిగానే ఉంది. నీ చీజ్ అందింది. పైనున్న ఎర్ర మైనం ఎంతసేపు నమిలినా మెత్తబడలేదు. లోపలికి వెళ్ళాక మాత్రం బాగుంది.

ఇక కాష్కా సంగతి. ఆ ముక్క దగ్గరికొచ్చేసరికి కాగితం మడిచేశాను. తర్వాత చదవమని బూరుల్ పోరుపెట్టింది. పుట్టీ పుట్టగానే వాడి తల్లి పోతే, సీసాతో పాలు పట్టి, ఈ గుడారంలోనే నా పక్కన పడుకోబెట్టి పెంచాను. నేను పిలిస్తే తప్ప రాడు. పిలవకముందే వస్తాడు కూడా. సరే, అదంతా ఎందుకులే. యోస్ట్‌కు నచ్చాడన్నావు, అంతే. వచ్చే శనివారం నేనే తీసుకొస్తాను. మీది నాలుగో అంతస్తట గదా, లిఫ్టులో పడతాడా?

మీ పెదనాన్న,
తుర్దుకుల్

తా.క.: ఇది నేను, బూరుల్ పెద్దమ్మను. ముసలాయన లేచి బయటికెళ్ళాడు. ఎక్కడికో చెప్పక్కర్లేదు, గుర్రం మెడ కావలించుకుని నిలబడ్డాడు. రొట్టె ముట్టడం మానేశాడు. నీకు దణ్ణం పెడతాను తల్లీ, మా ఇంట్లో ఇంకేదీ బాగుందనకు! చుట్టం బాగుందన్నది మేం ఇచ్చి తీరాలి, అది మా పద్ధతి. గుర్రానికి ఏదో ఒక వంక పెట్టి రాయి. వంకలున్నది చుట్టానికిస్తే మాకు పరువు తక్కువ. నేను చెప్పానని మాత్రం అనకు.


బిష్కెక్, సోమవారం

పెదనాన్నగారికి నమస్కారాలు.

కాష్కాను పంపకండి. తొందరపడి పొగిడాం. నింపాదిగా ఆలోచిస్తే వాడికి ఎన్ని లోపాలో! చెవులు గాడిదకు పెట్టాల్సినవి. నుదుటి మీది తెల్ల మచ్చ వంకర. పళ్ళు పసుపు. నడకైతే చెప్పనే అక్కర్లేదు, యోస్ట్ నడుం పట్టేసి ఇప్పటికీ సోఫాలోంచి లేవలేకుండా ఉన్నాడు. అన్నిటికన్నా ఘోరం, మనిషిని చూసి నవ్వుతాడు. అలాంటి గుర్రం మాకొద్దు బాబూ!

ఇట్లు,
లీస్‌బెత్

తా.క.: సమోవార్ కూడా కారుతోంది. వెనక్కి పంపుతున్నా.


కొండ మీద, గురువారం

శ్రీమతి లీస్‌బెత్ గారికి,

మీ ఉత్తరం అందినది. కాష్కా చెవులు వాడి ముత్తాత చెవులు. ఆ ముత్తాత మీదే మా నాన్న పెళ్ళికెళ్ళాడు. సమోవార్ కారడం లేదు, నీళ్ళు పోసి చూశాం. మీ శని, ఆదివారాలకు ఈ దేశంలో లోయలు చాలానే ఉన్నవి. చిన్న చెవుల గుర్రాలున్న లోయను వెతుక్కోగలరు.

ఇట్లు,
తుర్దుకుల్

తా.క.: తమరి ఉత్తరం కాష్కాకు కూడా చదివి వినిపించాను. గడ్డి ముట్టడం లేదు.


బిష్కెక్, శనివారం

పెదనాన్నగారికి,

మీరు నన్ను "గారు" అన్నారు. ఇంతకన్నా రెండు తిట్లు తిట్టినా ఏడ్చేదాన్ని కాదు. ఇవాళ సెలవైనా ఎక్కడికీ బయల్దేరలేదు. ఏ కొండకెళ్ళినా మీరు గుర్తొస్తారని ముగ్గురం ఇంట్లోనే కూర్చున్నాం.

నేను రాసిందంతా పచ్చి అబద్ధం. మీకు కాష్కా దూరమైపోతాడని భయపడి రాశాను. నిజం రాస్తే మీరు ఇచ్చేస్తారు, అబద్ధం రాస్తే కోప్పడతారు. నన్నేం చేయమంటారు చెప్పండి!

ఇప్పుడు అసలు నిజం వినండి. మేం చూసి ముచ్చటపడింది వట్టి గుర్రాన్ని కాదు. సాయంత్రం పూట మీరు వాడి మీద వాగు దాటి వస్తున్నారు. వాడు నీళ్ళలో తడబడితే మీరు వాడి చెవిలో ఏదో అన్నారు, వాడు చెవి ఇటు తిప్పాడు. నేను చేతిలో కప్పు పట్టుకుని అలాగే ఉండిపోయాను. నాకు నచ్చింది అదీ. మీరు దిగిపోతే వాడు మామూలు గుర్రం. వాడు లేకపోతే మీరు మోకాలి నొప్పి పెద్దాయన. పంపదలచుకుంటే ఇద్దరినీ కలిపి పంపండి. విడదీసి పంపితే తలుపు తీయను.

మీ కూతురులాంటి,
లీస్‌బెత్

తా.క.: యోస్ట్ నడుం సంగతి మాత్రం నిజం.


కొండ మీద, మంగళవారం

ఒసే లీస్‌బెత్,

దొరికిపోయానే తల్లీ! నీ ఉత్తరం మూడుసార్లు చదివించుకుంది మీ పెద్దమ్మ. నేను చదువుతుంటే పొగ కళ్ళలో పడి నీళ్ళు కారాయి. వేరే ఏమీ లేదు.

నువ్వు పొగిడినదాన్ని ఇవ్వకపోవడం మా వంశంలోనే లేదు. అందుకని ఇద్దరం బయల్దేరుతున్నాం, వాడు కింద, నేను పైన. దారిలో మా బావమరుదుల ఇళ్ళలో ఆగుతూ వస్తాం, శుక్రవారానికి మీ వీధిలో ఉంటాం. కాష్కాకు గడ్డి చూసిపెట్టు. యోస్ట్ ఎక్కవచ్చు, కళ్ళెం మాత్రం నేనే పట్టుకుంటాను. అతని నడుం బాధ్యత నాది కాదు.

మీ పెదనాన్న,
తుర్దుకుల్

తా.క.: మళ్ళీ నేనే, బూరుల్‌ను. ఇప్పుడే వెళ్ళారిద్దరూ. సమోవార్ ఈ వ్యాన్‌లోనే తిరిగి పంపుతున్నా, ఇంకెప్పుడూ కారుతోందనకు. ఇంకో సంగతి తల్లీ. ఇచ్చినదాన్ని మేం వెనక్కి తీసుకోం, కాబట్టి ముసలాయన ఇక మీవాడే. ఆయన గురక పెడతాడు. వంక పెడుతున్నానని అనుకోకు, ముందే చెబుతున్నా, అంతే. నన్ను మాత్రం పొరపాటున కూడా పొగడకు, ఇక్కడ గొర్రెల్ని చూసుకోవడానికి ఎవరో ఒకరు ఉండాలిగా.