చెంచా సంగతి

ఏవండీ,

పాపని దీనమ్మక్క ఇంట్లో దింపి డ్యూటీకి వెళ్తున్నాను. ఆఫీస్ నుంచి వస్తూ తీసుకురండి. పులుసు స్టవ్ మీద ఉంది, ఉప్పు చూసుకోండి.

జ్వరం మందు మాత్రం రాత్రి ఎనిమిది దాటేదాకా ఇవ్వకండి. మధ్యాహ్నం ఇచ్చానో లేదో నాకే గుర్తు లేదు. మందు చెంచా సింక్‌లో తడిగా ఉంది, దాన్నిబట్టి ఏం చెప్పగలను? సరిగ్గా ఆ మందు వేళకే క్యారీ ఊరి నుంచి వసంతకుమారి ఫోన్, ఆదివారం చర్చిలో పాడే పాటల గురించి. ఫోన్ వైరు స్టవ్ దాకా లాగి, రిసీవర్ భుజానికి నొక్కిపెట్టి, పులుసు కలుపుతూ పాపని చంకనేసుకున్నాను.

హాస్పిటల్‌లో నేను మందు తీస్తుంటే లెక్క తప్పుతుందని డాక్టర్ కూడా పలకరించడు. ఇంట్లో నాకు ఆ వీలు లేదు.

పోయిన ఆదివారం సాక్ష్యంలో మీరు లేచి, "మా విమల ఒకేసారి నాలుగు పనులు చేస్తుంది, దేవుడికి స్తోత్రం" అన్నారు. చర్చి అంతా ఆమెన్ అంది. బయటి నుంచి గడియ పెట్టినట్టయింది నాకు. ఇక నావల్ల కాదని ఎవరితో చెప్పుకోను?

జ్వరం పెరిగితే వార్డుకి ఫోన్ చేయండి.

విమల

ఈ ఆదివారం మళ్ళీ సాక్ష్యం చెప్తే ఈ చెంచా సంగతి కూడా చెప్పండి. ఆమెన్ ఎవరంటారో వింటాను.