మన ఇంటి పురుడు

తిరువూరు,
10 మార్చి 2025.

చి.ల.సౌ. సుప్రజకు,

మీ అత్తయ్య దీవెనలు. ఇక్కడ నేనూ మీ మామయ్యా కులాసా. బెజవాడ ఆసుపత్రిలో పాప, మీ కోసం పాపను మోసి కన్న మీ అక్క వినీల బాగున్నారని అబ్బాయి కిరీటి చెప్పాడు. నువ్వు మాత్రం బాగా లేవని నాకు తెలుసు. ఫోనులో అయితే నువ్వు ఏడుస్తావు, నేను కేకలేస్తాను. అందుకే మీ ఆయన చేతికే ఈ ఉత్తరం ఇచ్చి పంపుతున్నాను.

నిన్న నువ్వు అడిగింది ఒక్కటే, నెమలి ఊళ్ళో స్వామి కల్యాణంలో పీటల మీద కూర్చుంటున్నారా అత్తయ్యా అని. జవాబు వినకుండానే ఫోను పెట్టేశావు. నీ అసలు భయం నాకు అర్థం కాలేదనుకున్నావా? ఇంట్లో బిడ్డ పుడితే పది రోజులు గుడి గడప తొక్కం కదా. నేను వెళ్తే మనకు పురుడు లేనట్టు. పురుడు లేదంటే పాప మన ఇంటిది కానట్టు.

జరిగింది చెబుతాను. మొన్న గంపలగూడెం నుంచి వినీల అత్తగారు సుబ్బాయమ్మ వదిన ఫోను చేసింది. కన్నది మా కోడలు కాబట్టి పురుడు మేం పడతాం, మీరు హాయిగా కల్యాణానికి వెళ్ళండి అంది. మంచి మనసుతోనే అంది. మన పురోహితులుగారిదీ అదే మాట. మీ మామయ్య కొత్త పంచె కూడా తీసి పెట్టుకున్నారు. అందరూ వెళ్ళమనేవాళ్ళే. నాకూ ఆశ పుట్టింది, అబద్ధమెందుకు?

కానీ పిండం మీ ఇద్దరిదీ. పుట్టే బిడ్డకు అమ్మానాన్నలు మీరేనని మేజిస్ట్రేటుగారు ముందే ఉత్తర్వు ఇచ్చారు. ముక్కూమొహం తెలియని ఆయన ఒప్పుకున్నాక, నాయనమ్మను నేను ఒప్పుకోకపోతే ఎలా? పురోహితులుగారితో ఇదే అన్నాను. ఆయన కాసేపు తల గోక్కుని, మీ ఇష్టం తల్లీ అన్నారు. దేవుడి గది తలుపు మూసేశాను. దీపం పెట్టడం లేదు. ఎందుకని అడిగినవాళ్ళకి మనవరాలు పుట్టిందని చెబుతున్నాను. అడగనివాళ్ళకీ చెబుతున్నాను.

సుబ్బాయమ్మ వదిన తనూ పురుడు పాటిస్తానంటోంది. పాటించనీ. తొమ్మిది నెలలు మోసింది ఆవిడ కోడలు, కాదనడానికి నేనెవరిని?

బాలింత కదా, వినీలకు కాయం కొట్టి పంపుతున్నాను, పూటకో ఉండ పెట్టు. నువ్వూ ఒకటి తిను. కనలేదు కదా, నాకెందుకని మొహమాటపడకు. పాపతో పాటు మేలుకునేది నువ్వే. పదకొండో రోజు పురిటి స్నానం ఇక్కడే. మీ అక్కనూ తీసుకురా.

ఇట్లు,
పాప నాయనమ్మ,
హనుమాయమ్మ.

తా.క. ఆ పీటలు ఏ మొక్కో నీకెప్పుడూ చెప్పలేదు. నీకు గర్భసంచి తీసేసిన రోజు, నిన్ను వార్డుకు తెచ్చేలోగా, ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని మొక్కుకున్నాను. స్వామీ, మా ఇంటికి ఒక్క పురుడు రానీ, నీ కల్యాణంలో పీటల మీద కూర్చుంటాం అని. ఇప్పుడు పురుడు వచ్చింది. అందుకే ఈ ఏడు కూర్చోలేను.